రెండు మీటర్ల దూరం నుంచి పాము ఫొటో: శేషాచలం బాటల్లో కానన్ 55-250 ఎస్‌టీఎం లెన్సు

తలకోన బాటలోనో కల్యాణి డ్యాం పక్కనో పాము కనబడితే ఏ లెన్సుతో తీయాలని అడిగితే, ఎక్కువమంది నోట వచ్చే జవాబు మాక్రో, అంటే చిన్నవాటిని దగ్గర్నుంచి పెద్దగా తీసే లెన్సు. పువ్వుకి, పురుగుకి అది సరైన జవాబే. పాముకి మాత్రం తప్పు జవాబు, పైగా ప్రమాదకరమైన జవాబు. కానన్ క్రాప్ సెన్సర్ (ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్నదైన సెన్సర్) కెమెరాతో పాటు కొని, పెళ్లిళ్లకీ పిల్లల ఆటలకీ రెండుసార్లు వాడి బ్యాగులో పడేసే ఈఎఫ్-ఎస్ 55-250 మిల్లీమీటర్ ఎఫ్/4-5.6 ఐఎస్ ఎస్‌టీఎం ఉందే, ఈ పనికి అదే నయం. కారణం ఒక్కటే: పాము తలని ఫ్రేమ్‌లో చక్కగా పట్టిస్తూనే మనల్ని రెండు మీటర్ల అవతల నిలబెడుతుంది. ఈ లెన్సు మంచిచెడ్డలన్నీ ఆ రెండు మీటర్ల లెక్కలోనే చూడాలి. మామూలు సమీక్షల్లో మార్కులు పడే విషయాలు కొన్ని ఇక్కడ అక్కరకు రావు, అక్కడ ఎవరూ పట్టించుకోనివి కొన్ని ఇక్కడ ప్రాణం మీదికి తెస్తాయి.

ముందు లెన్సు వివరాలు. 2013లో వచ్చింది. పేరులో ఐఎస్ అంటే చేతి వణుకుని తగ్గించే స్టెబిలైజర్, ఎస్‌టీఎం అంటే ఫోకస్ నడిపే మోటారు రకం. బరువు 375 గ్రాములు. ముందు ఫిల్టర్ కొలత 58 మిల్లీమీటర్లు. జూమ్ 250 మిల్లీమీటర్ల దగ్గర గరిష్ఠ ఎపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) ఎఫ్/5.6, ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. క్రాప్ సెన్సర్ మీద 250 అంటే ఫుల్ ఫ్రేమ్ (పాత ఫిల్ము సైజు సెన్సర్) లెక్కలో 400 మిల్లీమీటర్ల చూపు. కెమెరాకి తగిలించే మౌంట్ ప్లాస్టిక్‌ది. వాన నుంచి, దుమ్ము నుంచి కాపాడే సీలింగ్ లేదు. హుడ్ డబ్బాలో రాదు, ఈటీ-63 అనే హుడ్ విడిగా కొనుక్కోవాలి. కనీస ఫోకస్ దూరం 0.85 మీటర్లు, గరిష్ఠ మాగ్నిఫికేషన్ 0.29, అంటే సెన్సర్ మీద పడే బొమ్మ అసలు కొలతలో 0.29 వంతు.

ఈ చివరి రెండు అంకెల దగ్గరే జాగ్రత్తగా ఉండాలి. 0.85 మీటర్ల దగ్గర నిలబడితే ఫ్రేమ్ అడ్డం కొలత, అంటే ఫొటోలో అడ్డంగా పట్టే మేర, దాదాపు 7.7 సెంటీమీటర్లు. పెద్ద పొడపాము (రక్తపింజర) తల నాలుగైదు సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి ఫ్రేమ్‌లో సగానికి పైగా తలే ఉంటుంది. నోరూరించే ఫొటో. కానీ ఆ 0.85 మీటర్లని కొలిచేది కెమెరా లోపలి సెన్సర్ నుంచి. లెన్సు ముందు అద్దం నుంచి చూస్తే ఇంకో 20 సెంటీమీటర్లు తగ్గిపోతాయి. అంటే పాముకీ మీ చేతివేళ్లకీ మధ్య మిగిలేది ముప్పావు మీటరు కూడా కాదు. పాము తన ఒంటి పొడవులో మూడో వంతు నుంచి సగం దాకా ముందుకి దూకి కాటు వేయగలదని చెబుతారు. మీటరుకి పైబడి పెరిగే పొడపాముకి ఆ లెక్కన అర మీటరు దాటినా దాటవచ్చు. దానికి రెట్టింపు, ఆ పైన కాలు జారడానికి ఇంకొంత కలిపితే రెండు మీటర్లు తేలుతుంది. తలకోన రాళ్ల మీద పాచి పట్టే కాలంలో ఈ కాలు జారే లెక్కని ఎవరూ కొట్టిపారేయకూడదు. కాబట్టి లెన్సు ఎంత దగ్గరికి ఫోకస్ అవుతుందన్నది ఇక్కడ గొప్ప కాదు. విషమున్న పాము ముందు 0.85 అనే అంకెని మరిచిపోవాలి.

మరి రెండు మీటర్ల దగ్గర ఏం దక్కుతుంది? 250 దగ్గర పెట్టి చూస్తే ఫ్రేమ్ అడ్డం జానెడు కంటే కాస్త తక్కువ, 13 నుంచి 18 సెంటీమీటర్ల మధ్య. చాలా జూమ్ లెన్సుల్లాగే ఇది కూడా దగ్గర్లో ఫోకస్ చేసేటప్పుడు అసలు ఫోకల్ లెంగ్త్‌ని కొంత కోల్పోతుంది కాబట్టి కచ్చితమైన అంకె చెప్పడం కష్టం. ఏదైనా 24 మెగాపిక్సెల్ సెన్సర్ మీద పెద్ద పాము తల ఫ్రేమ్‌లో మూడో వంతు దాకా వస్తుంది, మెడ దగ్గరి పొలుసులు ఒక్కొక్కటిగా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉంటాయి. లెన్సు మీద దూరం చూపే స్కేలు లేదు. అందుకే ఇదే లెక్కని కొలబద్దగా వాడుకోవచ్చు: 250 దగ్గర పొడపాము తల ఫ్రేమ్ అడ్డంలో మూడో వంతు దాటి కనబడుతోందంటే మీరు మరీ దగ్గరికి వెళ్లిపోయారు, వెనక్కి రావాలి. చిన్న పింజర లాంటి చిన్న పాములకి ఈ కొలబద్ద పనికిరాదు. దాని తల చిన్నది, ఫ్రేమ్‌లో చిన్నగా కనబడుతుంది, మనం దూరంగానే ఉన్నామన్న భ్రమ కలుగుతుంది. దానికి కంటితో చూసి రెండు బారలకి తగ్గకుండా నిలబడాల్సిందే.

ఇదే చోట 100 మిల్లీమీటర్ ఎఫ్/2.8 ఎల్ మాక్రో పెట్టి చూడండి. 2009లో వచ్చిన ఆ లెన్సు పనితనానికి వంక పెట్టలేం. కానీ రెండు మీటర్ల నుంచి దాని ఫ్రేమ్ అడ్డం 40 సెంటీమీటర్ల పైమాటే. చుట్టలు చుట్టుకుని పడుకున్న పాము మొత్తం, చుట్టూ ఎండుటాకులతో సహా, అందంగా వస్తుంది. తల మాత్రం చిన్న చుక్కలా మిగిలిపోతుంది. తల పెద్దగా కావాలంటే దగ్గరికి జరగాలి. మాక్రో చేతిలో ఉన్న మనిషి అలాగే జరుగుతాడు కూడా, లెన్సు ఆపదు కాబట్టి. దాని కనీస ఫోకస్ దూరం సెన్సర్ నుంచి 30 సెంటీమీటర్లు, అద్దం ముందు మిగిలేది జానెడు లోపు. ఫోన్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పాముకాటుకి తిన్నగా దారి వేసే పరికరం ఏదైనా ఉందంటే అది వైడ్ లెన్సున్న ఫోనే.

రెండో వైపు సిగ్మా 150-600 కాంటెంపరరీ ఉంది. కనీస దూరం 2.8 మీటర్లు, అక్కడ ఫ్రేమ్ అడ్డం 11 సెంటీమీటర్లు. అంకెల ప్రకారం పాముకి ఇంతకంటే మంచి లెన్సు లేదు, దగ్గరికి పోదామన్నా పోనివ్వదు. కానీ దాని బరువు 1,930 గ్రాములు. మెట్ల మీదా బండల మీదా దాన్ని మెడకి వేలాడదీసుకుని, మోకాళ్ల మీద కూర్చుని, చెయ్యి వణక్కుండా పట్టుకోవడం అందరివల్లా కాదు. పక్షులు కూడా తీసేవాళ్లకైతే ఆ బరువు మోయడం గిట్టుబాటే. కానన్ ఆర్‌ఎఫ్ మౌంట్ మిర్రర్‌లెస్ కెమెరా ఉన్నవాళ్లు ఆర్‌ఎఫ్ 100-400 వైపు చూడాలి. 635 గ్రాములు, మాగ్నిఫికేషన్ 0.41. కాకపోతే 400 దగ్గర ఎపర్చర్ ఎఫ్/8, అడవి నీడలో ఆ తేడా బాగా తెలుస్తుంది.

నీడ అన్నాం కాబట్టి వెలుతురు సంగతి. తలకోనలో గిల్లతీగ అల్లుకున్న చోట పట్టపగలు కూడా వెలుతురు పలచగా ఉంటుంది. అక్కడ ఎఫ్/8, షట్టర్ సెకనులో 250వ వంతు పెడితే ఐఎస్ఓ (వెలుతురుకి సెన్సర్ స్పందన అంకె) 3200 దాకా పోతుంది. నాలుక బయటికి ఆడించే క్షణం పట్టుకోవాలంటే 1000వ వంతు కావాలి, అప్పుడు ఎపర్చర్‌ని 5.6కి తెరిచినా ఐఎస్ఓ 6400 తప్పదు. కానన్ 1500డీ లాంటి కెమెరాల్లో ఆ అంకె దగ్గర పొలుసుల మీది సన్నగీతలు మచ్చలుగా కరిగిపోతాయి. లెన్సులో ఉన్న స్టెబిలైజర్ మూడున్నర స్టాపుల (ఒక్కో స్టాపు అంటే వెలుతురు రెట్టింపో సగమో) సాయం చేస్తుందని కంపెనీ లెక్క. మన చేతి వణుకు వరకు అది నిజంగానే పనిచేస్తుంది, కదలకుండా పడుకున్న పాముని 60వ వంతులో కూడా పదునుగా తీయొచ్చు. నాలుక కదలికని, కొమ్మ ఊగడాన్ని అది ఆపలేదు. ఈ తేడా తెలియక "ఐఎస్ ఉంది కదా" అని నిదానమైన షట్టర్ పెట్టి, ఇంటికొచ్చి మసక ఫొటోలు చూసుకునేవాళ్లు చాలామంది.

రెండు మీటర్ల నుంచి ఫోకస్ లోతు (పదునుగా కనబడే మందం) ఎఫ్/5.6లో ఒకటిన్నర సెంటీమీటర్లు, ఎఫ్/8లో రెండు, ఎఫ్/11లో మూడు. ఎదురుగా చూస్తున్న పాముకి ముక్కు కొస నుంచి కంటి దాకా దూరం ఒకటిన్నర సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి ఎఫ్/8 సరిపోతుంది. ఫోకస్ ఎప్పుడూ కంటి మీదే. ముక్కు కాస్త మెత్తబడినా ఫొటో బతుకుతుంది, కన్ను మెత్తబడితే బతకదు. పక్క నుంచి తీస్తే, అంటే పాము తల మన సెన్సర్‌కి సమాంతరంగా ఉంటే, 5.6తోనే గట్టెక్కొచ్చు. నీడలో చేయాల్సిన పని అదే: ఎపర్చర్ మూసే బదులు కోణం మార్చుకోవడం. ఈ లెన్సు 250 దగ్గర పూర్తిగా తెరిచినా మధ్యభాగంలో చక్కటి పదును ఇస్తుంది, అంచుల్లో కాస్త తగ్గుతుంది. పాము ఫొటోలో అంచుల్లో ఉండేవి ఆకులే కాబట్టి ఆ లోటు లెక్కలోకి రాదు. వెనకాల ఆకుల సందుల్లోంచి ఆకాశం తళుకులు ఉంటే మాత్రం బొకే, అంటే వెనకటి మసక, చిందరవందరగా వస్తుంది, ఒక అడుగు పక్కకి జరిగి వెనక చీకటి ఉండేలా చూసుకోవాలి. తడి పొలుసులు వెలుగుని అద్దంలా తిప్పికొడతాయి, ఎక్స్‌పోజర్‌ని సున్నా నుంచి స్టాపులో మూడింట రెండు వంతులు కిందికి దించితే ఆ తెల్లమచ్చలు అదుపులోకి వస్తాయి.

ఇక లెన్సు అసలు పరీక్ష పసిరిక పాము దగ్గర. పగటిపూట బాట పక్కన కనబడే అవకాశం బాగా ఉన్న పాముల్లో ఇదొకటి. మనిషి నడుము ఎత్తు పొదల్లో, లేత కొమ్మల మీద, ఆకుపచ్చ తీగలాగే పడి ఉంటుంది. దక్షిణ భారతంలో ఉండే జాతిని 2020లో శ్రీలంక జాతి నుంచి వేరు చేసి అహేటుల్లా ఆక్సిరింకా అనే పేరు కింద పెట్టారు. దీని కంటిపాప అడ్డంగా, తాళంచెవి రంధ్రంలా ఉంటుంది. కంటి ముందు నుంచి ముక్కు కొస దాకా సన్నటి గాడి పోతుంది, ఆ గాడి వెంబడే రెండు కళ్లతో ఒకేసారి ముందుకి చూసి తొండల దూరం అంచనా వేస్తుంది. ఫొటోలో పట్టాల్సింది ఆ కన్ను, ఆ గాడి.

ఇబ్బంది ఆటోఫోకస్‌తో వస్తుంది. పాము ఒళ్లు చిటికెన వేలు లావు, ముందు నాలుగు పుల్లలు, వెనక పచ్చటి ఆకులు. కెమెరాకి అన్ని పాయింట్లూ వదిలేస్తే ముందున్న పుల్లని పట్టుకుంటుంది, లేదంటే వెనకాకుల్లోకి పోయి అటూ ఇటూ వెతుకుతుంది. మధ్య పాయింటు ఒక్కటే పెట్టాలి. వన్ షాట్ మోడ్‌లో (ఒకసారి పట్టిన ఫోకస్‌ని అలాగే నిలిపే మోడ్) షట్టర్ బటన్ సగం నొక్కి, పట్టు వదలకుండా ఫోకస్ రింగు తిప్పి కంటి మీదికి తేవాలి. ఈ లెన్సులో ఫోకస్ రింగు నేరుగా అద్దాలకి కలిసి ఉండదు, మోటారుకి సంకేతం మాత్రమే పంపుతుంది. అందుకే బటన్ సగం నొక్కకుండా రింగు తిప్పితే ఏమీ జరగదు, కెమెరా నిద్రలోకి జారినా జరగదు. పాత లెన్సులకి అలవాటుపడ్డ చేతులకి ఇది చికాకే. రింగు సన్నం, గ్లౌజులు వేసుకుంటే దొరకదు. ఇవి నిజంగా లోపాలే, సర్దుకోవడం తప్ప మందు లేదు. కెమెరా ఆటో పవర్ ఆఫ్‌ని నాలుగు నిమిషాలకి పెంచుకుంటే కొంత నయం.

పసిరిక పాము గాలికి ఊగే కొమ్మతో పాటు తానూ ఊగుతుంది. ఊపు ఒక కొసకి చేరి తిరిగే క్షణంలో అర సెకను ఆగుతుంది, అప్పుడు వరసగా మూడు నాలుగు ఫ్రేములు కొట్టాలి. మనం మరీ దగ్గరపడ్డామని అది చెప్పే తీరు స్పష్టంగా ఉంటుంది: మెడ భాగం ఉబ్బిస్తుంది, పచ్చ పొలుసుల మధ్య నుంచి నలుపు తెలుపు చర్మం గళ్లుగా బయటపడుతుంది. చూడ్డానికి ఆ రంగులు భలే ఉంటాయి, వాటికోసమే పామును రెచ్చగొట్టే ఫొటోగ్రాఫర్లూ ఉన్నారు. అలాంటి ఫొటో బెదిరిన పాము ఫొటో. తెలిసినవాళ్లు చూడగానే ఇట్టే కనిపెడతారు. అది కళ్లు పొడుస్తుందని పల్లెల్లో భయం ఉంది. అది అపవాదు. దీని విషం తేలికపాటిది, కోరలు నోటి వెనక భాగంలో ఉంటాయి.

అయితే పచ్చగా ఉన్నదల్లా పసిరిక కాదు. తూర్పు కనుమల్లో వెదురు పొదలని అంటిపెట్టుకుని పచ్చ పింజర కూడా ఉంటుంది. ఈ లెన్సుకి ఉన్న రెండో ఉపయోగం ఇక్కడ తెలుస్తుంది. మూడు మీటర్ల నుంచే జూమ్ చేసి, స్క్రీన్ మీద పెద్దది చేసి చూడండి. ముక్కు పొడవుగా సూదిలా ఉండి, కంటిపాప అడ్డంగా ఉంటే పసిరిక. తల వెడల్పుగా ముక్కోణంలా ఉండి, మెడ సన్నబడి, కంటిపాప నిలువుగా చీలినట్టు ఉంటే పింజర. నేల మీద మచ్చల పాముకీ ఇదే పద్ధతి. పొడపాము వీపు మీద గోధుమరంగు మచ్చలు మూడు వరుసల్లో, అంచులు దిద్దినట్టు, గొలుసులా పోతాయి. కొండచిలువ పిల్ల మచ్చలకి, పొట్టిగా లావుగా ఉండే మట్టి బోవా మచ్చలకి ఆ క్రమం ఉండదు. ఈ మూడింటినీ ఒకదాన్ని చూసి ఇంకొకటనుకోవడం తరచూ జరిగేదే, అందులో ఒక పొరపాటు ప్రాణం తీస్తుంది. పేరు తేలేదాకా ప్రతి మచ్చల పామునీ పొడపాముగానే లెక్కపెట్టాలి. పొడపాము తానే హెచ్చరిస్తుంది కూడా, కుక్కర్‌లోంచి ఆవిరి తన్నుకొచ్చినట్టు బుస కొడుతుంది. బుస వినబడిందంటే ఫొటో పని అయిపోయింది, వెనక్కి నడవాలి.

నేల మీది పాముని దాని కంటి ఎత్తులో తీస్తేనే ఫొటోకి అందం. పైనుంచి తీస్తే తాడు ముక్కలా ఉంటుంది. ఇక్కడ లెన్సు కంటే కెమెరా ముఖ్యం. కానన్ 200డీకి పక్కకి తెరిచి తిప్పుకునే స్క్రీన్ ఉంది, లైవ్ వ్యూలో, అంటే స్క్రీన్ మీద చూస్తూ తీసేటప్పుడు, వేగంగా పనిచేసే డ్యుయల్ పిక్సెల్ ఆటోఫోకస్ ఉంది. ఎస్‌టీఎం మోటారు దానితో చక్కగా కలిసిపోతుంది. కెమెరాని నేలకి ఆనించి, మీరు గొంతుకూర్చుని, పాదాలు మీ కింద ఉంచుకుని, స్క్రీన్ పైనుంచి చూస్తూ తీయొచ్చు. ఒక్క క్షణంలో లేవగలరు. 1500డీకి ఆ స్క్రీన్ లేదు, లైవ్ వ్యూలో ఫోకస్ నత్తనడక. దానితో కంటి ఎత్తు కావాలంటే బోర్లా పడుకోవాలి. విషపు పాము ముందు బోర్లా పడుకోకండి. లేవడానికి ముందు చేతులు చాపాలి, ఆ చేతులు పోయేది పాము వైపే. 1500డీ ఉన్నవాళ్లు వెనక్కి జరిగి, మూడు నాలుగు మీటర్ల నుంచి 250లో తీసి, తర్వాత క్రాప్ చేసుకోవడం మేలు. దూరం పెరిగేకొద్దీ చూపు కోణం కూడా నేలకి దగ్గరవుతుంది కాబట్టి ఫొటో అంత చెడదు. బాట వాలుగా ఉండి పాము పైమెట్టు మీద ఉంటే పడుకోకుండానే కంటి ఎత్తు దొరుకుతుంది, కానీ అప్పుడు మీ ముఖం దానికి అందే ఎత్తులో ఉంటుందని మరవొద్దు. దూరం ఇంకా పెంచండి.

ఎస్‌టీఎం మోటారు చప్పుడు చేయదని పొగుడుతుంటారు. పాముకి ఆ మెచ్చుకోలుతో పని లేదు. దానికి బయటి చెవులు లేవు, తెలిసేదల్లా లోస్వరాలు, నేల అదురు. లెన్సు నిశ్శబ్దం కంటే మీ అడుగు మెత్తదనం ముఖ్యం. బ్యాగు దబ్బున కింద పడేయడం, ట్రైపాడ్ కాళ్లు బండ మీద కొట్టడం, వెనకనుంచి నలుగురు పరిగెత్తుకు రావడం, ఇవి పాముని పారదోలేవి. బాట మీద వేరే జనం ఉంటే ముందు వాళ్లని చేతి సైగతో ఆపాలి, అరవకూడదు. శ్రీవారి మెట్టు లాంటి నడకదారుల్లో అయితే ఫొటో సంగతి పక్కనపెట్టి, పాముకి దారి వదిలించడమే పని. జనం గుమిగూడితే ఎవరో ఒకరు రాయి విసురుతారు. అక్కడ సిబ్బందికి చెప్పాలి.

వాన ఈ లెన్సుకి పెద్ద శత్రువు. తిరుపతి, చిత్తూరు ప్రాంతానికి అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలు కురుస్తాయి. కప్పలు తిరిగే ఆ తడికాలంలో, ఆ వెంటనే వచ్చే చలికాలపు పొద్దుటి ఎండల్లో పాములు బాటల పక్కన కనబడతాయి. సరిగ్గా అప్పుడే ఈ లెన్సుకి గండం. జూమ్ చేస్తే గొట్టం బయటికి సాగుతుంది, లోపలికి పోయేటప్పుడు దాని మీది తేమనీ తీసుకుపోతుంది. జలపాతం తుంపరలో తడిసిన గొట్టాన్ని మెత్తటి గుడ్డతో తుడిచాకే లోపలికి తిప్పాలి. షవర్ క్యాప్ ఒకటి, రబ్బరు బ్యాండు ఒకటి బ్యాగులో ఉంటే పది నిమిషాల చినుకు గండం గడుస్తుంది. ఇంటికొచ్చాక గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్‌తో పెట్టాలి, తడి బ్యాగులోనే వదిలేస్తే లోపలి అద్దాల మీద బూజు పడుతుంది. ఈ ధర లెన్సుకి బూజు తీయించే ఖర్చుతో ఇంకో వాడిన లెన్సు వచ్చేస్తుంది.

హుడ్ తప్పకుండా కొనండి. ఎండ పక్కనుంచి కొట్టినప్పుడు కాంట్రాస్టు నిలబెడుతుంది, ముళ్లపొదల్లో ముందు అద్దాన్ని కాపాడుతుంది. క్లోజప్ లెన్సులు, రేనాక్స్ లాంటివి దీనికి తగిలించి మాక్రోగా మార్చుకోవచ్చు. సీతాకోకలకి భేషుగ్గా ఉంటాయి. పాములకి వద్దు. అవి ఫోకస్ దూరాన్ని అర మీటరు లోపుకి లాగేస్తాయి, ఏ గుణం కోసం ఈ లెన్సు ఎంచుకున్నామో అదే పోతుంది. ఫ్లాష్ గురించి కూడా అడుగుతారు. ఐఎస్ఓ 400, ఎఫ్/8లో కెమెరా మీది చిన్న ఫ్లాష్ రెండు మీటర్లకి అందుతుంది, షట్టర్ 200వ వంతుకి మించదు. కానీ నేరుగా కొట్టే ఆ వెలుగులో పొలుసులన్నీ తెల్లగా మెరుస్తాయి. పాముకి కనురెప్పలు లేవు, కంటి మీద పారదర్శకమైన పొలుసు ఒకటి ఉంటుంది, దాని మీద ఫ్లాష్ చుక్క పడి కన్ను జీవం కోల్పోతుంది. ఐఎస్ఓ పెంచుకుని గరుకుగా వచ్చిన ఫొటోనే మేలు.

అనుమతుల మాట. శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్క్ 1989లో ఏర్పడింది, శేషాచలం కొండలకి 2010లో బయోస్ఫియర్ రిజర్వు హోదా వచ్చింది. టికెట్ ఇచ్చి పంపే బాటలు దాటి లోపలికి వెళ్లడానికి అటవీ శాఖ అనుమతి కావాలి. ఇవి ఎర్రచందనం అడవులు, దొంగరవాణా మీద నిఘా గట్టిగా ఉంటుంది. కెమెరా ఉందని చెప్పినంత మాత్రాన బాట తప్పిన మనిషిని ఎవరూ వదలరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం లెక్కలో వేట అంటే చంపడమే కాదు, పట్టడం, తరమడం, ఎర వేయడం కూడా. రాయి కింది పాముని కర్రతో బయటికి లాగి తీసిన ఫొటో ఏ పాటిదో ఇక వేరే చెప్పక్కర్లేదు. ఫొటో పెట్టేటప్పుడు లొకేషన్ తీసేయండి. ముఖ్యంగా రెండు తలల పాము అని పిలిచే మట్టి పాము, కొండచిలువ విషయంలో. రెండు తలల పాముని మూఢనమ్మకాలతో లక్షలకి బేరం పెట్టే ముఠాలు ఉన్నాయి, వాళ్లకి దారి చూపినట్టవుతుంది.

తలకోన నుంచి తిరుపతి యాభై కిలోమీటర్ల పైమాటే, మధ్యలో భాకరాపేట ఘాట్ ఉంది. అందుకే ఒంటరిగా వెళ్లకూడదు, చీలమండ పైదాకా వచ్చే బూట్లు లేకుండా బాట దిగకూడదు. కాటు పడితే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయొద్దు. ఉంగరాలు, గడియారం తీసేసి, కాటు పడ్డ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, నడిపించకుండా మోసుకొచ్చి 108కి ఫోన్ చేయాలి. ఆ పాముని ఫొటో తీయడానికో చంపి తేవడానికో వెనక్కి వెళ్లొద్దు. మన దేశంలో ఇచ్చే యాంటీవెనం నాగుపాము, కట్లపాము, పొడపాము, చిన్న పింజర నాలుగింటికీ కలిపి చేసింది, పాము పేరు చెప్పలేకపోయినా డాక్టర్లు లక్షణాలు చూసి వైద్యం చేస్తారు. పచ్చ పింజర ఆ నాలుగింటిలో లేదు, దాన్నుంచి దూరంగా ఉండటానికి ఇంకో కారణం అది.

కొత్త లెన్సు కోసం తిరగడం కంటే వాడినది కొనడం తెలివైన పని, ఇది పెద్దగా పాడయ్యే లెన్సు కాదు. కానీ పేరు సరిగ్గా చదవండి. చూడ్డానికి ఇలాగే ఉండే పాత 55-250 ఐఎస్ టూ కూడా అమ్మకానికి వస్తుంది. దాని ఫోకస్ నిదానం, చప్పుడు ఎక్కువ, కనీస దూరం 1.1 మీటర్లు. ఫోకస్ చేసినప్పుడల్లా ముందు అద్దం తిరుగుతుంది కాబట్టి పొలుసుల మెరుపు తగ్గించే పోలరైజర్ పెట్టినా ప్రతిసారీ మళ్లీ సరిచేసుకోవాలి. లెన్సు ముందు వలయం మీద ఎస్‌టీఎం అని రాసి ఉంటేనే తీసుకోండి. కొనేముందు వెనక మూత తీసి, ఫోన్ టార్చి ఒక వైపు నుంచి వేసి రెండో వైపు నుంచి లోపలికి చూడండి. సాలెగూడు పోగుల్లాంటివి కనబడితే అది బూజు, ఎంత తక్కువకిచ్చినా వద్దు. రెండు మూడు దుమ్ము రేణువులుంటే పర్వాలేదు. తర్వాత కెమెరాకి తగిలించి, షాపులోనే 250 దగ్గర పెట్టి, రెండు మీటర్ల దూరంలో ఏదైనా డబ్బా మీది సన్న అక్షరాలని ఎఫ్/5.6లో, స్టెబిలైజర్ ఆన్ చేసి ఒకసారి, ఆఫ్ చేసి ఒకసారి, 60వ వంతులో తీయండి. రెండు ఫొటోలూ ఒకేలా మసకగా ఉంటే స్టెబిలైజర్ పోయినట్టే. ప్లాస్టిక్ మౌంట్ రెక్కల మీద తెల్లటి పగులు గీతలున్నాయేమో గోరుతో తడిమి చూసి, అప్పుడు డబ్బులివ్వండి.